తామర, మూడో అంతస్తు

ఆ ఆదివారం పొద్దున డ్రైవింగ్ మాస్టారు తన డ్రాయరు తనే ఉతుక్కున్నాడు.

పెళ్ళయి పదమూడేళ్ళు. ఈ పదమూడేళ్ళలో ఆయనగారు చేతిరుమాలు కూడా తడిపి ఎరగడు. స్నానానికి వెళ్తే విప్పినవి విప్పినచోటే పడి ఉండేవి. వంగి ఏరుకోవడం భార్య వంతు. అలాంటి మనిషి స్నానాల గది గడియ పెట్టుకుని, కుళాయి సన్నగా తిప్పుకుని, చప్పుడు కాకుండా రుద్దుతున్నాడు. వంటింట్లో అంట్లు తోముతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. తడిబట్ట చప్పుడు ఆమెకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఎనిమిదేళ్ళుగా పెద్ద లాండ్రీలో పని. హోటళ్ళ నుంచీ ఆస్పత్రుల నుంచీ వచ్చే దుప్పట్లు వేరు చేసే బల్ల దగ్గర నిలబడుతుంది. ఏ మరక కాఫీదో, ఏది టించరుదో, ఏది నెత్తురో, ఏది నెత్తుర్లా కనపడే జామో చూస్తూనే చెప్పేస్తుంది కాబట్టి అక్కడ అందరూ ఆమెని మరకలమ్మ అంటారు.

"ఇలా పడేయండి, నేను ఉతుకుతాను కదా" అంది తలుపు దగ్గరికి వచ్చి.

"పర్లేదులే. ఎప్పుడూ నువ్వేనా" అన్నాడు లోపల్నుంచి.

ముందుగదిలో కూర్చున్న అత్తగారు ఆ మాటకి మురిసిపోయింది. "చూశావా అమ్మాయ్, నా కొడుకు బంగారం. ఈ రోజుల్లో ఏ మగాడు చేస్తాడు ఈ పని?" అంది. కోడలు ఆ పొద్దున అప్పటికే దుప్పట్లు కాక పదహారు బట్టలు ఉతికి, పిండి, డాబా ఎక్కి ఆరేసి వచ్చింది. దాన్ని ఇత్తడి అన్నవాళ్ళు కూడా లేరు.

మర్నాడు లాండ్రీలో భోజనాల వేళ ఈ సంగతి ఆవిరక్కతో చెప్పింది. ఆవిరక్క అంటే ఆవిరి ఇస్త్రీ మిషను దగ్గర ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ పెద్దావిడ. ఆ వేడికి చేతులు కమిలాయి గానీ నోరు మాత్రం కమల్లేదు. అంతా విని, మూత తీసిన డబ్బా అలాగే ఒళ్ళో పెట్టుకుని, "అడక్కుండా మంచివాడయ్యాడంటే మగాణ్ణి అనుమానించాల్సిందేనే" అంది. "సబ్బు ఏది వాడాడో చూశావా?"

చూడకుండా ఎలా ఉంటుంది. మరకలమ్మ కదా. ఇంట్లో వాడే సబ్బు కాదు, మందు వాసన వేసే పచ్చటి సబ్బు, దాన్ని గడ్డం గీసుకునే సామాను వెనక దాచాడు. వారం తిరక్కుండా కొత్త డ్రాయర్లు కొన్నాడు, వదులువి, నూలువి. పౌడరు డబ్బా ఒకటి కారు డిక్కీలో దొరికింది. ఇక రాత్రిళ్ళు పడక ముందుగదిలోకి మారింది. "ఒళ్ళు వేడి చేసింది. అక్కడ ఫ్యాను గాలి బాగా తగుల్తుంది" అన్నాడు. ఆయన పొద్దస్తమానం రెక్సిను సీటు మీద కూర్చుని జనానికి కారు నేర్పుతాడు, పక్కన కూర్చునేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే. సిగ్నలు ఇవ్వకుండా మలుపు తిరిగితే పళ్ళు రాలతాయని ఊరందరికీ చెప్పే మనిషి ఇంట్లో మాత్రం ఏ సిగ్నలూ ఇవ్వకుండా తిరుగుతున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన బట్టలు కుప్పగా పడేస్తే ఆమె విసుక్కుంది. ఇప్పుడు నేలమీద ఏమీ లేకపోతే భయపడుతోంది.

కాగితం దొరికింది ఆ తర్వాతి వారమే. ఉతికే ముందు జేబులు తడమడం ఆమెకి అలవాటు. లాండ్రీలో మొదటిరోజు నేర్పేది కూడా అదే. ఆయన ప్యాంటు వెనక జేబులో, ఎవరో నేర్చుకునేవాళ్ళు నింపిన ఫారం చివర చింపిన ముక్క మీద, ఆయన చేతిరాతతోనే ఉంది: "తామర. మంగళవారం 6.30. మూడో అంతస్తు."

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ఆ పేరు ఎంత బాగుందో అని ముందు అనిపించింది. ఆ తర్వాత అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. నీళ్ళలో విచ్చుకుని, పొద్దున్నే ఎర్రగా, ఎవరి అంట్లూ తోమకుండా, ఎవరి చెమటా అంటకుండా ఉండే మనిషి అయ్యుంటుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరో, ఈయనే ముద్దుగా పెట్టుకున్నాడో. ఇన్నేళ్ళలో ఈయన తనని పిలిచింది "ఏమే", "ఇదిగో", మరీ ప్రేమొస్తే "ఒకసారి ఇలా రా". ఇంకోదానికి పువ్వు పేరు పెట్టేంత తీరిక ఎక్కడిది ఈ మనిషికి?

"పేరు చూస్తే కుర్రదాన్లాగే ఉంది" అంది ఆవిరక్క కాగితం వెలుతురుకి పట్టి. "మూడో అంతస్తంటే సొంతిల్లు కాదు, అద్దె. లిఫ్టు ఉందంటావా? మీ ఆయనకి మోకాళ్ళ నొప్పి కదా." అంత ఏడుపులోనూ ఆమెకి నవ్వొచ్చింది.

వెతికింది. సిగ్గుపడుతూనే వెతికింది. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేసింది, అందులో తామర లేదు. మంగళవారం ఏడున్నరకి ఇంటికొచ్చిన మనిషిని వాసన చూసింది, స్పిరిటు వాసన తప్ప సెంటు వాసన రాలేదు. చివరికి ఒక సాయంత్రం, ఆయనా అత్తగారూ భోజనానికి కూర్చున్నప్పుడు, గిన్నె దించుతూ మామూలుగా అన్నట్టు అంది. "మా లాండ్రీ గుమ్మం దగ్గర సిమెంటు తొట్టి ఒకటి ఖాళీగా ఉందండీ. అందులో తామర పెంచుదామా అనుకుంటున్నారు."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తామర సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు. అని తల్లి వంక చూశాడు. ఆవిడ చెయ్యి కూడా కంచంలో ఆగింది. ఆయన గబగబా నీళ్ళు తాగి, పొలమారి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అని వినడమే గానీ ఇంత దగ్గర్నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. అత్తగారు ఎందుకు ఆగిందో ఆలోచించలేదు. తల్లికి కూడా తెలుసన్నమాట, ఇద్దరూ కలిసి దాస్తున్నారన్నమాట అని దానికీ ఒక అర్థం తీసుకుంది. అనుమానం ఒకసారి పట్టుకున్నాక అన్నీ దానికే సాక్ష్యం చెబుతాయి.

అడిగేద్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. అడిగితే "అవును" అంటాడేమో. అప్పుడేం చెయ్యాలి? హాస్టల్లో చదువుకుంటున్న కూతురికి ఏమని చెప్పాలి? అందుకే మింగేసింది. నెల గడిచాక ఆయన ఒక రాత్రి దిండు చంకన పెట్టుకుని తనంతట తనే లోపలి గదిలోకి వచ్చాడు. "వేడి తగ్గిందా?" అంది. "తగ్గింది" అన్నాడు. తామరతో చెడిందేమో అనుకుంది. అలా అనుకుని సంతోషించినందుకు కూడా, తర్వాత తల్చుకున్నప్పుడల్లా, ఆమెకి చచ్చేంత అవమానంగా ఉండేది.

ఆ తర్వాత మూడు వారాలకి దురద మొదలైంది.

మొదట చెమటపొక్కులనుకుంది. లాండ్రీలో పది గంటలు ఆవిరి మధ్య, ఒంటికి అతుక్కుపోయే పాలిస్టరు యూనిఫాంలో నిలబడే మనిషికి పొక్కులు రావడం వింతేమీ కాదు. కానీ ఇది తొడల సందులో అణా కాసంత ఎర్రగా మొదలై, మధ్యలో కాస్త మాని, అంచులు మాత్రం ఎర్రగా పొట్టు రేగి, గుండ్రంగా పాకుతోంది. నడిస్తే మంట, కూర్చుంటే దురద. బస్టాపులో మగవాడు ఎక్కడైనా గోక్కోగలడు, పక్కన ఎవరున్నా పట్టదు. ఆడది ముక్కు గోక్కోవాలన్నా అటు తిరగాలి. ఆమె దుప్పట్ల బల్ల అంచుకి తొడ ఆనించి, పళ్ళు బిగించి, మరకలు చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి బిగపట్టి నిలబడేది. మనసులో ఒకటే మాట. తామర దగ్గర్నుంచి తెచ్చాడు. తెచ్చి నాకిచ్చాడు.

మందుల షాపుకి వెళ్ళింది. కౌంటరు దగ్గర ఇద్దరు మగవాళ్ళున్నారు, వాళ్ళు వెళ్ళేదాకా బిస్కెట్ల అద్దం చూస్తూ నిలబడింది. "దురదకి ఏమైనా ఇవ్వండి" అంది. "ఎక్కడండీ?" అన్నాడు షాపతను. "మోచెయ్యి" అంది. అతను మోచేతి కోసం ఒక ట్యూబు ఇచ్చాడు. రాస్తే మూడు రోజులు హాయిగా అనిపించింది, అంతా పోయిందనుకుంది. ఆపేసరికి రెట్టింపై తిరిగొచ్చింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మూడో ట్యూబు అయ్యేసరికి ఎరుపు పొత్తికడుపు కింది దాకా పాకింది, చర్మం పలచబడి గోరు తగిలితే నెత్తురొచ్చేది.

ఇలాంటిది ఒకే ఇంట్లో ఎన్నాళ్ళు దాగుతుంది? నడక చూసి అత్తగారు పట్టేసింది. "ఏమిటా నడక? ఎక్కడ?" అంది. ఆమె చెప్పలేదు, తల వంచుకుంది, ఆవిడకి అర్థమైంది. ఆవిడ మొహం ఎందుకో నల్లబడిపోయింది. మర్నాడు పొద్దున స్నానాల గదిలో కొత్త బక్కెట్టు కనపడింది, ఎర్రది. "ఇకనుంచి నీ బట్టలు ఇందులో నానబెట్టుకో. మావాటితో కలపకు" అంది, మొహం చూడకుండా. లాండ్రీలో అంటురోగాల దుప్పట్లు ఎర్ర సంచుల్లో వస్తాయి. వాటిని చేతులకి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. ఆ బక్కెట్టు చూస్తూ ఆమె చాలాసేపు నిలబడింది. తన ఇంట్లో తనే ఎర్ర సంచి అయింది.

ఆయన మాత్రం ఏం జరిగిందో ఇట్టే తేల్చేశాడు. "నేను ముందే చెప్పాను. ఎవడెవడి దుప్పట్లో పట్టుకుంటావు, ఎవడికి ఏ రోగముందో. అక్కడే అంటింది" అన్నాడు. గొంతు పెంచి అన్నాడు, ఎప్పుడూ లేనంత చురుగ్గా అన్నాడు. "ఇక చాలు. ఆ ఉద్యోగం మానెయ్."

మానెయ్యమనడానికి ఎంత మంచి అదను చూశాడు! వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఆమె ఫ్లోర్ ఇన్‌చార్జి. మేనేజరు పిలిచి చెప్పాడు, ముప్ఫై రెండు మంది ఆడవాళ్ళ మీద పెద్ద. ఎనిమిదేళ్ళు ఎవరెవరి మరకలో చూసిన కళ్ళకి మొదటిసారి ఒక కుర్చీ, ఒక బల్ల. ఇంట్లో చెప్పినప్పుడు ఆయన "ఓహో" అన్నాడు, అంతే. తనకంటే ముందు ఇంటికి రాకపోతే ఎలాగన్నాడు. అప్పుడు దొరకని కారణం ఇప్పుడు దొరికింది.

బుధవారం సాయంత్రం ఉత్తరం కూడా తనే రాసి తెచ్చాడు. నీట్‌గా, తెల్లకాగితం మీద. "అయ్యా, మీ లాండ్రీలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రోగుల దుప్పట్లు పట్టుకోవడం వల్ల నాకు అంటు చర్మవ్యాధి సోకినందున ఉద్యోగం మానుకుంటున్నాను." కింద సంతకానికి చోటు. ఎన్నేళ్ళుగా పనిచేస్తోందో కూడా సరిగ్గా తెలియలేదు ఆయనకి. "సోమవారం ఇచ్చెయ్" అన్నాడు.

ఉత్తరం చూసి ఆవిరక్క నవ్వలేదు. "ఇది ఇస్తే నువ్వొక్కదానివే పోవు. మర్నాడు మమ్మల్ని అందర్నీ గదిలో నిలబెట్టి బట్టలెత్తి చూపించమంటారు. ఎవరికి చిన్న మచ్చ ఉన్నా పంపించేస్తారు. నీ చేత్తో మా మీద రాయిస్తున్నాడు చూశావా?" అంది. ఉత్తరం మడిచి తిరిగిస్తూ, "చేతి తొడుగులు వేసుకుని దుప్పటి పట్టుకుంటే తొడల సందుకి ఎలా అంటుందే? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అంది. ఆ ప్రశ్న ఆమెకి అంతవరకూ తట్టలేదు. మోచేతికి అని ట్యూబు తెచ్చుకున్న సంగతి చెబితే ఆవిరక్క నెత్తి కొట్టుకుంది. "ఇంకొక్క రోజు దాస్తే నేనే వచ్చి మీ ఇంటి ముందు అరుస్తాను. శుక్రవారం నాతో రా. మా చెల్లి చూపించుకున్న డాక్టరమ్మ ఉంది."

శుక్రవారం షిఫ్టు దిగి ఇద్దరూ వెళ్ళారు. కింద బట్టల కొట్టు, పైన టైపు నేర్పే గదులు. మెట్లెక్కుతుంటే ఒరుసుకుని మండుతోంది. రెండో అంతస్తు దాటాక గోడ మీద బోర్డు కనపడింది. చర్మవ్యాధులు, మంగళ, శుక్ర, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. ఆమె దాన్ని చదివి ఆగింది. "అక్కా, ఇది ఎన్నో అంతస్తు?" అంది. "మూడు. ఇంకెక్కక్కర్లేదు, పద" అంది ఆవిరక్క ఆయాసపడుతూ.

డాక్టరమ్మ నడివయసు మనిషి, తొందర లేని మనిషి. తెర చాటున చూసింది, అద్దం పలకతో కాస్త పొట్టు గీకి, చుక్క మందు వేసి, మైక్రోస్కోపులో పెట్టింది. ఆమె తల తిప్పుకుని పడుకుంది. ఇప్పుడు చెబుతుంది. మీ ఆయన ఎవరి దగ్గరికి వెళ్తాడమ్మా అని అడుగుతుంది. నర్సు వింటుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"ఏమీ లేదమ్మా, తామర" అంది డాక్టరమ్మ.

ఆమె దిగ్గున లేచి కూర్చుంది. "ఎవరు?"

"ఎవరేమిటి? తామర. ఫంగస్. రొట్టె మీద బూజు పడుతుంది చూడు, అలాంటిదే, చెమటా తేమా ఉన్నచోట చర్మం మీద పెరుగుతుంది."

చిన్నప్పుడు బడిలో ఎవరి మెడమీదో చక్రాలు కనపడితే తామర తామర అని బెంచీ చివరికి జరిగిన పిల్లే కదా తను. ఆ మాట అప్పట్నుంచీ నోట్లోనే ఉంది. ఒక కాగితం ముక్క మీద మొగుడి చేతిరాతలో కనపడేసరికి దానికి చీర కట్టింది, జడ వేసింది, అద్దెకి ఇల్లు కూడా ఇప్పించింది. ఆమెకి నవ్వు వచ్చింది, ఆపుకోలేనంత వచ్చింది. డాక్టరమ్మ మంచినీళ్ళు అందించింది.

తర్వాత ఒక్కొక్కటే అడిగింది. ఏ ట్యూబు రాశావంది. చూసి పక్కన పడేసింది. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. దురద ఆపుతుంది, ఫంగస్‌ని మేపుతుంది. ఇక ముట్టుకోకు." లోపలి బట్టలు ఎక్కడ ఆరేస్తావంది. తలుపు వెనక, తువ్వాలు కింద అని చెప్పింది. మగవాళ్ళవి? డాబా మీద. "ఎండకి సిగ్గేమిటమ్మా? నీవి కూడా అక్కడే వెయ్యి. తడి ఆరనిది వేసుకోకు. వేడినీళ్ళలో ఉతుకు. ఇంట్లో తువ్వాళ్ళు ఎన్ని?" ఒకటే అని చెప్పింది. స్నానాల గది తలుపుకి వేలాడే పెద్ద తువ్వాలు, అత్తగారూ ఆయనా తనూ అందరూ దానితోనే. డాక్టరమ్మ తల ఊపింది. "మనిషికి ఒకటి. ఒళ్ళు బాగా తుడుచుకుని ఆరాకే బట్ట కట్టు. దురద పోగానే మాత్రలు ఆపెయ్యకూడదు. పైకి పోయినట్టుంటుంది, లోపల ఉంటుంది. మచ్చ పోయాక కూడా రెండు వారాలు వాడాలి. ఆపితే మళ్ళీ వస్తుంది, పక్కవాళ్ళకి అంటిస్తుంది."

"ఇది... అలాంటి జబ్బు కాదా అండీ?"

"తప్పుడు పని చేస్తేనే వచ్చేది కాదు. ఒళ్ళు ఒంటికి తగిలితే వస్తుంది, తువ్వాలుతో వస్తుంది. బూట్లేసుకుని కాలివేళ్ళ సందులు ఒరిసిపోయినవాళ్ళు ఆ కాళ్ళ మీంచే డ్రాయరు తొడుక్కుంటే పైకి పాకుతుంది. ఇంట్లో ఒకరికొస్తే అందర్నీ చూడాలి, అందరూ ఒకేసారి వాడాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది."

"దుప్పట్లతో వస్తుందా? లాండ్రీలో?"

"తొడుగులు వేసుకుని, కాగిన నీళ్ళలో ఉతికే చోట? ఇంట్లో తువ్వాలు ఉండగా అంత దూరం వెళ్ళాలా?"

ఆమె చీర సర్దుకుంటూ అడిగింది. "ఇంట్లో అందరికీ చెప్పాలి, అందరూ వాడాలి అన్న మాట మీరు వచ్చిన వాళ్ళందరికీ చెప్తారా?"

"ప్రతి ఒక్కరికీ. చీటీ మీద అచ్చు కూడా వేయించాను, ఇదిగో."

చీటీ అడుగున పెద్ద అక్షరాల్లో ఉంది. ఇంట్లో వారికి తప్పక చెప్పండి.

మెట్లు దిగుతుంటే ఆవిరక్క ఊరటగా ఏదో అంటోంది. "పోనీలే, ఆడది లేదు, అంతే చాలు." ఆమె వినడం లేదు. నాలుగు నెలలు. ఆయనకి నాలుగు నెలల కిందటే తెలుసు. డాక్టరమ్మ చెప్పింది, చీటీ చెప్పింది. తను బాగుపడటానికి డ్రాయరు ఉతుక్కున్నాడు, సబ్బు దాచుకున్నాడు, దురద పోగానే మాత్రలు ఆపేసి దిండు చంకన పెట్టుకుని లోపలి గదిలోకి వచ్చాడు. ఆమె కాళ్ళు ఎడం చేసి నడిచిన రోజులన్నీ చూశాడు. ఎర్ర బక్కెట్టు చూశాడు. చూసి, కలం తీసుకుని, లాండ్రీ వల్ల వచ్చిందని రాశాడు. తామర అనే ఆడది ఉన్నా బాగుండేదే అనిపించింది ఆమెకి. ఆ ఆడదాని మీద మోజుతో మోసం చేశాడని అనుకునేది. ఇది ఏ మోజూ లేకుండా, కేవలం తన పరువు కోసం, నింపాదిగా చేసిన పని.

ఇల్లు చేరేసరికి ఆయన కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. అత్తగారు కింద కూర్చుని కూరలు తరుగుతోంది. ఆమె టీవీ కట్టేసింది. ఈ ఇంట్లో ఆమె ఎప్పుడూ చెయ్యని పని అది.

"మూడో అంతస్తుకి వెళ్ళొచ్చాను" అంది.

ఆయన మొహంలో రంగు మారింది. కానీ అబద్ధానికి ఇక జాగా లేదు. "అది... మగాడికి అలాంటి చోట అలాంటిది వస్తే ఇంట్లో ఎలా చెప్పుకుంటాడు? నువ్వేమనుకుంటావో అని. నీకు అంటకూడదనే కదా నా బట్టలు నేనే ఉతుక్కున్నాను."

"అంటింది కదా. అప్పుడైనా చెప్పొచ్చు కదా."

"అప్పటికే నువ్వేదో ట్యూబు రాస్తున్నావు."

"నేనేమనుకుంటానో అని మీరు నోరు విప్పలేదు. మరి అందరూ ఏమనుకుంటారో అని చూడకుండా నాకు అంటురోగమని నాతోనే ఎలా రాయిస్తున్నారు?"

అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది. "ఎన్నాళ్ళయిందిరా నీకు?" అంది కొడుకుతో.

"అమ్మా, నువ్వు ఊరుకో. ఇవన్నీ నీకెందుకు?"

"ఎన్నాళ్ళని అడుగుతున్నాను."

"నాలుగు నెలలు."

ఆవిడ కోడలి వంక చూసింది. బక్కెట్టు తెచ్చినప్పట్నుంచీ మొహంలోకి చూడటం అదే మొదలు. "నాకు మూడు నెలల పైనే" అంది.

ఇద్దరూ ఆవిడ వంక తిరిగారు.

"ఆ రోజు నువ్వు అన్నం దగ్గర తామర అంటే గుండె ఆగిపోయింది. నాదే బయటపడిందనుకున్నా. మీ మామగారు పోయి పదేళ్ళు, ఈ వయసులో ఈ చోట ఇదేమిటని ఎవరితో చెప్పుకోను? డాక్టరుకి చూపించమంటే చచ్చిపోతాను. తర్వాత నీకొచ్చింది. నాదే నీకు అంటిందనుకున్నానమ్మాయ్. అందుకే బక్కెట్టు వేరు చేశాను, నా గుడ్డ నీ గుడ్డకి తగలకూడదని. చెప్పడానికి నోరు రాక నీ మీద కసురుకున్నాను." ఆవిడ కూరల పళ్ళెం పక్కకి నెట్టింది. "అప్పట్నుంచీ నా పాపం నీకు చుట్టుకుందని ఏడుస్తున్నా."

ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒకే తలుపుకి వేలాడే ఒకే తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటూ, ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు, తప్పు తమదేనని కుమిలిపోయారు. వెళ్ళి అత్తగారి పక్కన కింద కూర్చుంది. "రేపు నాతో రండి అత్తయ్యా. మంగళవారం దాకా ఆగొద్దు, ఫోను చేసి అడుగుతాను. ఆవిడ ఆడమనిషే. ఏమీ అనదు" అంది. ఆవిడ తల ఊపింది.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. గండం గడిచిందనుకున్నట్టున్నాడు. "సరే, అయిందేదో అయింది. అందరం మందులు వాడదాం. ఎవరి నుంచి ఎవరికొచ్చిందని ఇప్పుడు పంచాయతీ ఎందుకు? నువ్వు మాత్రం ఆ ఉత్తరం సోమవారం ఇచ్చెయ్. ఎటూ రాసేశాం కదా. ఆ చాకిరీ నీకెందుకు, ఇంటిపట్టున ఉండు" అన్నాడు.

ఆమె లేచింది. సంచిలోంచి ఉత్తరం తీసి మడతలు విప్పి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. పక్కన కలం పెట్టింది. ఒంట్లో మంట అలాగే ఉంది. మాత్ర ఇంకా వేసుకోలేదు.

"ఇస్తాను" అంది. "మొదటి వాక్యంలో తొమ్మిదేళ్ళని రాశారు, ఎనిమిదని దిద్దండి. రెండో వాక్యంలో రోగుల దుప్పట్ల వల్ల అని ఉంది. అది కొట్టేసి ఎవరి వల్ల వచ్చిందో రాయండి. పేరూ, ఏమవుతారో, అంతా రాయండి. రాస్తే ఇప్పుడే సంతకం పెడతాను."

ఆయన కలం వంక చూశాడు. ఆ తర్వాత, ఏ చిక్కొచ్చినా చిన్నప్పట్నుంచీ చూసినట్టే, తల్లి వంక చూశాడు.

"రాయరా" అంది తల్లి.